లోకమంతా వ్యాక్స్ కాదు

1980ల మొదట్లో కరోల్ బాగ్‌లో కాపురముండే తెలుగు కుటుంబానికి సెలవులకు ఊరెళ్ళడమంటే ముందు ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు దొరకాలి. 1976లో మొదలైన ఆ బండే ఢిల్లీ తెలుగువాళ్ళకూ హైదరాబాదుకూ మధ్య వంతెన. న్యూఢిల్లీ స్టేషన్ కరోల్ బాగ్‌కు దగ్గరే. దూరమల్లా క్యూలోనే ఉండేది. గుమస్తా లావుపాటి రిజిస్టరు తిరగేసి, పేరు చేత్తో రాసుకుని, అట్టముక్క టికెట్టు ఇచ్చేవాడు. ఏ బండికి ఏ కిటికీయో తెలుసుకుని నిలబడాలి.

1985-86లో అదే స్టేషన్లో ఇంప్రెస్ అనే కంప్యూటర్ రిజర్వేషన్ వచ్చింది. ప్రభుత్వరంగ సంస్థ సీఎంసీ దాన్ని తయారుచేసింది. ప్రోగ్రాములు ఫోర్ట్రాన్ భాషలో ఉండేవి. నడిపించిన యంత్రం అమెరికాలోని డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్ వాళ్ళ వ్యాక్స్, దాని మీద ఆపరేటింగ్ సిస్టమ్ వీఎంఎస్. ఆ తర్వాత రైల్వే సొంత సంస్థ క్రిస్ 1994లో సికింద్రాబాదులో మొదలుపెట్టిన కాన్సర్ట్, 1999 నాటికి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలను ఒక్క వలలోకి తెచ్చింది. అదీ వీఎంఎస్ వంశం మీదే దశాబ్దాలపాటు నడిచింది. ఇవాళ కంప్యూటర్ సైన్సు చదివే పిల్లల్లో వీఎంఎస్ పేరు విన్నవాళ్ళు అరుదు. మన దేశంలో రైలెక్కిన కోట్లమంది పేర్లు మాత్రం దాని గుండా వెళ్ళినవే.

‘అరుదైన ఆపరేటింగ్ సిస్టమ్’ అనగానే మ్యూజియంలో పెట్టాల్సిన వస్తువు గుర్తొస్తుంది చాలామందికి. అది సరికాదు. వాడేవాళ్ళు కోట్లలో ఉండి, దానికి ప్రోగ్రాములు రాసేవాళ్ళు కొద్దిమందే ఉన్నా ఆ వ్యవస్థ అరుదైనదే. అలాంటి చోట ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ నడుస్తుందా లేదా అని పరీక్షించే పని ఒక ప్రత్యేక విద్యగా ఎలా ఎదిగిందో చెప్పుకోదగ్గ కథ.

కథకు మొదలు 1973లో. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్‌ను సీ భాషలో తిరిగి రాశారు. అప్పటిదాకా చాలావరకు ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఆ యంత్రం సొంత భాషలో, ఆ యంత్రం కోసమే రాసేది. సీలో రాశారు కాబట్టి ఇంకో యంత్రానికి తీసుకెళ్ళవచ్చని ఊహ పుట్టింది. ఊహ నిజమో కాదో తేలింది 1977లో, రెండు ఖండాల్లో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా. ఆస్ట్రేలియాలోని వొలంగాంగ్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ మిల్లర్ యూనిక్స్‌ను ఇంటర్‌డేటా 7/32 అనే యంత్రం మీదికి తెచ్చారు. బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్, రిచీ కలిసి దాని అన్న లాంటి ఇంటర్‌డేటా 8/32 మీదికి తెచ్చారు. బెల్ ల్యాబ్స్ వాళ్ళు ఆ యంత్రాన్ని ఎంచుకున్న కారణం నాకు చాలా ఇష్టం: యూనిక్స్ పుట్టిన పీడీపీ-11కూ దానికీ పోలిక తక్కువ. పోలిక తక్కువైన చోటే తప్పులు బయటపడతాయని వాళ్ళకు అప్పుడే తెలుసు.

బయటపడిన తప్పుల్లో పేరుమోసినది బైట్ల క్రమం. రెండు బైట్ల సంఖ్యలో ముందు ఏ బైటు వస్తుందన్నది యంత్రాన్ని బట్టి మారుతుంది. 04-05 అని రాస్తే ఒక దేశంలో మే నాలుగు, ఇంకో దేశంలో ఏప్రిల్ అయిదు అయినట్టు. క్రమం తిరగబడిన యంత్రం మీద ఇంగ్లీషులో నాలుగక్షరాల ‘యూనిక్స్’ (UNIX) పేరు రెండేసి అక్షరాలు తారుమారై ‘నక్సీ’ (NUXI)గా అచ్చవుతుంది. ఆ గొడవకు నక్సీ సమస్య అనే పేరు స్థిరపడిపోయింది. ఈ రెండు పద్ధతులకూ గలివర్ కథలోని గుడ్డు తగాదా నుంచి పెద్దకొన, చిన్నకొన అనే అర్థం వచ్చే బిగ్ ఎండియన్, లిటిల్ ఎండియన్ పేర్లు పెట్టింది డానీ కోహెన్, 1980లో.

జాన్సన్, రిచీల 1978 వ్యాసంలో ఇంతకన్నా పెద్ద ఫలితం ఉంది. యంత్రం మారినప్పుడు విరిగేది ఏమిటో చూసిన జాన్సన్, అలాంటి చోట్లను ముందే పట్టిచ్చే లింట్ అనే పరికరం రాశారు. ఏ యంత్రానికైనా సులువుగా మలచుకోదగ్గ సీ కంపైలర్ కూడా ఆయనే రాశారు. అంటే మరో యంత్రానికి మార్చే ప్రయత్నమే పరీక్షించే పద్ధతిని కనిపెట్టింది. ఈ రంగంలో తర్వాత వచ్చినవన్నీ ఆ రెండింటి సంతానమే అంటాను.

యూనిక్స్ ఊళ్ళు తిరుగుతున్న రోజుల్లోనే ఒక చెడు అలవాటు మొదలైంది. అమెరికా విశ్వవిద్యాలయాల్లో అందరి దగ్గరా ఉన్నది వ్యాక్స్, దాని మీద బర్క్‌లీ యూనిక్స్. ఆ కూర్పులో జ్ఞాపకంలోని సున్నా చిరునామాను చదివితే సున్నా వచ్చేది, ప్రోగ్రాము ఆగేది కాదు. సున్నా చిరునామాను చూపే ఖాళీ పాయింటర్‌ను పొరపాటున వాడిన ప్రోగ్రాములు ఏళ్ళతరబడి బాగానే నడిచాయి. అవే ప్రోగ్రాములను మోటరోలా 68000 చిప్పుతో వచ్చిన సన్ యంత్రాల మీద పెడితే వెంటనే కూలాయి. తప్పు సన్‌ది అనుకున్నవాళ్ళున్నారు. తప్పు మొదటినుంచీ ప్రోగ్రాములోనే ఉంది, వ్యాక్స్ దాన్ని దాచిపెట్టింది. విచిత్రమేమిటంటే అదే వ్యాక్స్ మీద వీఎంఎస్ నడిపితే సున్నా పేజీకి తలుపు మూసే ఉండేది, ప్రోగ్రాము అక్కడికక్కడే ఆగేది. యంత్రం ఒకటే అయినా ఆపరేటింగ్ సిస్టమ్ మారితే తీర్పు మారిపోయింది. లోకమంతా వ్యాక్సే అన్న నమ్మకాన్ని వదులుకోమని కెనడా ప్రోగ్రామర్ హెన్రీ స్పెన్సర్ తన పది ఆజ్ఞల్లో ఒక ఆజ్ఞ మొత్తం దానికే కేటాయించారు.

1980ల్లో ఢిల్లీ కూడా ఈ చిక్కును తనదైన దారిలో చవిచూసింది. 1976లో ఇక్కడే పుట్టిన హెచ్‌సీఎల్, ఇక్కడి డీసీఎం లాంటి కంపెనీలు సొంత కంప్యూటర్లు చేసి అమ్ముతుండేవి. తర్వాతి రోజుల్లో ఆంధ్రప్రదేశ్‌కు గవర్నరైన సి. రంగరాజన్ అధ్యక్షతన రిజర్వు బ్యాంకు కమిటీ 1984లో బ్యాంకుల కంప్యూటరీకరణకు బాట వేయడంతో యూనిక్స్ యంత్రాలకు దేశంలో గిరాకీ పెరిగింది. పేరుకు అన్నీ యూనిక్సే, ఒక కంపెనీ యూనిక్స్‌కూ మరో కంపెనీ యూనిక్స్‌కూ చిన్నచిన్న తేడాలు. ఇక్కడి తొలితరం ప్రోగ్రామర్లు ఆ తేడాల మధ్యే పని నేర్చుకున్నారు. విదేశాల్లో మనవాళ్ళకు యూనిక్స్ నిపుణులన్న పేరు రావడంలో ఆ చదువుకు పెద్ద వాటా ఉందని నా అభిప్రాయం.

తేడాలను ప్రోగ్రామే స్వయంగా కనిపెట్టుకునేలా చేసినవాడు ల్యారీ వాల్. తర్వాత పెర్ల్ భాషతో ప్రసిద్ధుడైన ఆయన 1984లో ఆర్ఎన్ అనే వార్తలు చదివే ప్రోగ్రాము పంచిపెట్టారు. దానితోపాటు కాన్ఫిగర్ అనే స్క్రిప్టు ఇచ్చారు. అది మీ యంత్రంలో అటూ ఇటూ వెతికి, ఈ ఫంక్షను ఉందా, ఆ ఫైలు ఎక్కడుంది అని కనుక్కుని, తేల్చుకోలేనివి మిమ్మల్నే అడిగి, దాని ప్రకారం ప్రోగ్రామును సిద్ధం చేసేది. అది వెతికేవాటిలో యూనిస్ ఒకటి. యూనిస్ అంటే వీఎంఎస్ మీద యూనిక్స్ వేషం వేసే పొర. మీ దగ్గర అది లేదని తేలితే కాన్ఫిగర్ మీకు అభినందనలు తెలిపేది! వీఎంఎస్‌లో ఒకే పేరుతో ఫైలు పాత ప్రతులన్నీ అంకెలతో పక్కపక్కనే ఉంటాయి, డైరెక్టరీల పేర్లు చదరపు బ్రాకెట్లలో ఉంటాయి, యూనిక్స్‌లో మాదిరి ఒక ప్రోగ్రాము తనకు తాను నకలు తీసుకునే ఫోర్క్ ఉండదు. పాతకాలపు ఫైలు పద్ధతిలో ఒక పేరులో ఒక్క చుక్కే ఉండాలి. ఒక పేరులో రెండు చుక్కలుంటే చాలు, ఆ ఫైలు అక్కడ విప్పుకోదు. ఆ యూనిస్‌ను అమ్మిన కంపెనీ పేరు వొలంగాంగ్ గ్రూప్. మిల్లర్ పనిచేసిన విశ్వవిద్యాలయపు యూనిక్స్‌ను మార్కెట్లోకి తెచ్చిందీ, ఆ ఊరి పేరు పెట్టుకున్నదీ ఆ కంపెనీయే.

1991లో డేవిడ్ మెకెంజీ గ్నూ ప్రాజెక్టు పనిముట్లను చూసుకుంటున్నారు. వాటిని నడిపించే యంత్రాలు పెరిగేకొద్దీ, ప్రోగ్రాము కట్టేవాళ్ళు మేక్‌ఫైల్లో చేత్తో ఎంచుకోవాల్సిన ఐచ్ఛికాలు ఇరవై దాకా అయ్యాయి. ఆ బాధలోంచి ఆటోకాన్ఫ్ వచ్చింది. దాని కిటుకు ఇది: యంత్రం పేరు అడగకు, ఓ చిన్న ప్రోగ్రాము రాసి ఆ కంపైలర్‌కు ఇచ్చి చూడు. కంపైలైతే ఆ సౌకర్యం ఉన్నట్టు, కాకపోతే లేనట్టు. పేరు అడిగే పద్ధతిలో కొత్త యంత్రం వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ప్రోగ్రాము దిద్దాలి. చేసి చూసే పద్ధతిలో, ప్రోగ్రాము రాసినవాడు కలలో కూడా చూడని యంత్రం మీద సైతం అది నిలబడే అవకాశం ఉంటుంది. అప్పటికే సీకి 1989 ప్రమాణం, యూనిక్స్ తరహా వ్యవస్థలకు 1988లో పోసిక్స్ ప్రమాణం వచ్చాయి. ప్రమాణం కాగితం మీద ఉంటుంది. యంత్రం దాన్ని పాటిస్తోందో లేదో నడిపిస్తేనే తెలుస్తుంది.

నడిపించేదెవరు? రాసేవాడి దగ్గర ఒక ల్యాప్‌టాప్, ఒక కంపైలర్. ఈ ప్రశ్నకు సమూహంగా జవాబు చెప్పింది పెర్ల్ వాళ్ళు. పెర్ల్ మాడ్యూళ్ళ గిడ్డంగి సీపాన్ కోసం 1998లో మొదలైన సీపాన్ టెస్టర్స్‌లో ఎవరెవరో స్వచ్ఛందంగా, ఎవరి యంత్రం మీద వాళ్ళు, కొత్తగా వచ్చిన ప్రతి మాడ్యూలు పరీక్షలను నడిపించి ఫలితం పంపుతారు. మాడ్యూలు రాసినవాళ్ళకు పొద్దున్నే తెలుస్తుంది, సొలారిస్ మీద పాసైంది, ఫలానా బీఎస్‌డీ మీద ఫెయిలైంది అని. డేటాబేస్ లోకంలో పోస్ట్‌గ్రెస్ వాళ్ళకు 2004 నుంచి ఆండ్రూ డన్‌స్టన్ మొదలుపెట్టిన బిల్డ్ ఫామ్ ఉంది. అందులో చేరిన ప్రతి యంత్రానికీ ఒక జంతువు పేరు. ఎవరో కోడ్‌లో ఒక మార్పు చేస్తారు, కొన్ని గంటల్లో ప్రపంచంలో ఎక్కడో ఒక మూల ఒక జంతువు ఎర్రబడుతుంది. ఆ యంత్రం యజమాని జీతానికి పనిచేసేవాడు కాకపోవచ్చు. పాత యంత్రానికి కరెంటు బిల్లు కడుతూ, దాన్ని బతికించుకుంటూ, ఎందరో నమ్ముకున్న డేటాబేస్‌కు కాపలా కాస్తున్నాడు.

ఇంతకీ అరుదైన యంత్రం మీద దొరికే తప్పు అరుదైన యంత్రం తప్పేనా? మన భాష సాయంతోనే చూడవచ్చు. సీ భాషలో ఒక అక్షరం పట్టే చోటు పేరు చార్. అందులోని విలువకు మైనస్ గుర్తు ఉండవచ్చా లేదా అన్నది ప్రమాణం తేల్చలేదు, కంపైలర్‌కు వదిలేసింది. మామూలు ఇంటెల్ కంప్యూటర్లలో ఉంటుంది, ఆర్మ్, పవర్‌పీసీ చిప్పుల లైనక్స్‌లో ఉండదు. ఫైలు అయిపోయిందని చెప్పడానికి వాడే సంకేతం సాధారణంగా మైనస్ ఒకటి. దాన్ని పొరపాటున చార్‌లో దాచుకుంటే ఆర్మ్ మీద అది 255 అయిపోతుంది, ఎన్నటికీ మైనస్ ఒకటికి సమానం కాదు, ప్రోగ్రాము ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. ఇంటెల్ మీద అదే ప్రోగ్రాము చక్కగా నడిచినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు తెలుగుకు రండి. కంప్యూటర్లు రాతను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు వర్ణానికీ, గుణింతపు గుర్తుకూ మూడు బైట్లు, ఆ మూడూ 128 గానీ అంతకు పైన గానీ. అంటే ఇంటెల్ మీద ఆ మూడూ మైనస్ సంఖ్యలు. ఇంగ్లీషు అక్షరాలన్నీ 128కి లోపే ఉంటాయి కాబట్టి వాటితో ఎన్నేళ్ళు పరీక్షించినా ఈ సంగతి బయటపడదు. ఇది అక్షరమా, అంకెనా అని పట్టికలో వెతికే ప్రోగ్రాము ఆ మైనస్ విలువను అలాగే వాడితే పట్టికకు ముందున్న, తనది కాని చోటును చదువుతుంది. ప్రోగ్రామరు దృష్టిలో అరుదైన యంత్రం ఎలాంటిదో అరుదైన లిపీ అలాంటిదే. తెలుగులో రాసే ప్రతివాడూ తెలియకుండానే ఈ పరీక్ష చేస్తున్నాడు.

దీనికి లోకమంతా చూసిన రుజువు 2018 ఫిబ్రవరిలో వచ్చింది. ‘జ్ఞా’ అన్న మన అక్షరాన్ని, మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు చేరిన రూపంలో, సందేశంగా పంపితే ఐఫోన్లలో దాన్ని చూపించబోయిన యాప్ కూలిపోయేది. ఆపిల్ ఐఓఎస్ 11.2.6 అనే దిద్దుబాటు ఇచ్చింది ఫిబ్రవరి 19న. ఆ రాతను తెరమీద పేర్చే కోడ్ ఓపెన్ సోర్స్ కాదు, లోపలికి తొంగిచూసే అవకాశం బయటివాళ్ళకు లేదు. అప్పట్లో పత్రికలు తెలుగు అక్షరం ఐఫోన్లను కూల్చిందని రాశాయి. అక్షరం ఏ తప్పూ చేయలేదు. జ్ఞానం అన్న మాటలో రోజూ రాసే అక్షరం అది. దాని అలాంటి రూపాలతో సరిగా పరీక్షించకుండా కోట్ల ఫోన్లలోకి కోడ్ పంపడమే తప్పు.

ఎదుటి వాదన కూడా న్యాయంగా చెప్పాలి. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ బయటపడింది. ఇంటర్నెట్ రహస్యాలను కాపాడే ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో, అవతలివాడు పంపినదానికన్నా ఎక్కువ జ్ఞాపకాన్ని తిరిగి అతనికే చదివి వినిపించే లోపం అది. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ బృందం ఆ కోడ్ విప్పి చూసి నివ్వెరపోయింది. కొన్ని యంత్రాల మీద జ్ఞాపకం కేటాయింపు నెమ్మదిగా ఉంటుందని ఓపెన్ఎస్ఎస్ఎల్ తన సొంత కేటాయింపు పొర పెట్టుకుంది. ఇలాంటి తప్పుడు చదువును పట్టుకోగలిగే వ్యవస్థల రక్షణకు ఆ పొరే అడ్డుపడింది. ఆ బృందం లిబ్రెఎస్ఎస్ఎల్ పేరిట వేరుపడి, వీఎంఎస్, నెట్‌వేర్, ఓఎస్/2, పాత మ్యాక్, 16 బిట్ల విండోస్ కోసం ఉన్న కోడ్ సహా మొదటి వారంలోనే తొంభై వేల లైన్ల దాకా తీసేసింది. అన్ని యంత్రాలకూ సర్దుకోబోయి అసలుకే మోసం తెచ్చుకున్నారని చాలామంది అన్నారు.

నేను దాన్ని ఇంకోలా చదువుతాను. అదే ఓపెన్‌బీఎస్‌డీ స్పార్క్64 లాంటి పెద్దకొన యంత్రాలను, సరిగ్గా సర్దని చిరునామా ఇస్తే ఒప్పుకోని యంత్రాలను, పట్టుదలగా నడుపుతూ వస్తోంది. కారణం అవి తప్పులు పట్టిస్తాయనే. ఆ బృందం వదిలేసింది అరుదైన యంత్రాన్ని కాదు, ఎవరూ నడిపి చూడని కోడ్‌ను. ప్రతి వ్యవస్థకూ ఒక ప్రత్యేక దారి కోడ్‌లో చొప్పించి, ఆ దారిన ఎవరూ నడవకుండా వదిలేస్తే అది గోతులతో నిండుతుంది. ప్రమాణానికి కట్టుబడి ఒకటే కోడ్ రాసి, ఎక్కడ ఏ ఫంక్షను లేదో అక్కడ దాన్ని విడిగా అందించి, నిజమైన యంత్రాల మీద తరచూ నడపడం వేరే పద్ధతి. కర్ల్ అనే చిన్న పనిముట్టు వంద ఆపరేటింగ్ సిస్టమ్‌లకు పైగా చేరిందంటే ఆ క్రమశిక్షణ వల్లే.

రెండో వాదన ఇటీవలిది. 2021 ఫిబ్రవరిలో పైథాన్ వాళ్ళ క్రిప్టోగ్రఫీ లైబ్రరీ రస్ట్ భాషను తప్పనిసరి చేసింది. రస్ట్ కంపైలర్ చేరని ఆల్ఫా, హెచ్‌పీ పీఏ, పాత ఎస్390 లాంటి యంత్రాలు ఒక్క దెబ్బకు బయట నిలబడ్డాయి. భద్రత కోసం చేసిన మార్పు అది, తప్పుపట్టలేను. జీతం లేకుండా పనిచేసే ఇద్దరు ముగ్గురిని, ముప్ఫై ఏళ్ళనాటి చిప్పును మోయమని ఎవరూ ఆజ్ఞాపించలేరు. అలాంటి యంత్రాల మీద వ్యాపారం చేసే సంస్థలే యంత్రాన్నీ మనిషినీ ఇవ్వాలి. వీఎంఎస్ వాళ్ళు ఇచ్చారు: 2014లో దాన్ని చేపట్టిన వీఎస్ఐ కంపెనీ 2022లో మామూలు ఇంటెల్ తరహా సర్వర్ల మీదికి తెచ్చింది. పాత కంపైలర్ల ముందు భాగాన్ని ఓపెన్ సోర్స్ ఎల్ఎల్‌వీఎంకు తగిలించి సాధించారు. ఆ ఎల్ఎల్‌వీఎం పుట్టింది ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో, క్రిస్ ల్యాట్నర్, ఐఐటీ బొంబాయిలో చదివిన విక్రమ్ ఆద్వే చేతుల్లో. మూసిన తలుపుల వెనక నలభై ఏళ్ళు పెరిగిన వ్యవస్థకు చివరికి ఊపిరి పోసింది ఓపెన్ సోర్సే.

మళ్ళీ కరోల్ బాగ్‌కు వద్దాం. ఇక్కడ ప్రసాద్ నగర్‌లో, 1948లో దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ స్థాపించిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ బడి ఉంది. కొద్ది దూరంలో గఫార్ మార్కెట్, పాత ఫోన్లు విప్పి, విడిభాగాలు చేసి, మళ్ళీ ప్రాణం పోసే దుకాణాల వరస. ఈ రెండింటి మధ్య తిరిగే పిల్లలకు, అందుబాటులో ఉన్న అరుదైన యంత్రం ఏది అంటే కంపెనీ వదిలేసిన పాత ఆండ్రాయిడ్ ఫోనే అంటాను. 2017లో బయటికొచ్చిన పోస్ట్‌మార్కెట్ఓఎస్ అలాంటి ఫోన్లను మామూలు లైనక్స్ కంప్యూటర్లుగా మారుస్తుంది. అన్నీ మారవు, బూట్‌లోడర్ తాళం తెరుచుకునే మోడల్ కావాలి. దాని పునాది ఆల్పైన్ లైనక్స్, ఆల్పైన్‌లో సీ లైబ్రరీ అందరూ వాడే గ్లిబ్‌సీ కాదు, మస్ల్. గ్లిబ్‌సీలో ఒక థ్రెడ్‌కు మామూలుగా 8 మెగాబైట్ల స్టాక్ దొరికితే మస్ల్‌లో దొరికేది 128 కిలోబైట్లే. జ్ఞాపకాన్ని విచ్చలవిడిగా వాడే ప్రోగ్రాము ఇక్కడ కూలుతుంది. గ్నూ సొంతంగా చేర్చుకున్న ఫంక్షన్ల మీద ఆధారపడిన ప్రోగ్రాము కంపైలే కాదు. భాషల వారీ అక్షరక్రమం మస్ల్‌లో లేదు కాబట్టి తెలుగు పేర్ల జాబితా అక్షరమాల ప్రకారం కాక, కోడ్ అంకెల ప్రకారం వస్తుంది. పైగా చిప్పు ఆర్మ్, చార్‌కు మైనస్ లేదు. ఇన్ని తేడాలు ఒకే చోట ఉన్న పరికరం చవకగా జేబులో పడుతుంది.

ఫోను దొరకకపోతే ఫాబ్రిస్ బెల్లార్డ్ 2003లో మొదలుపెట్టిన క్యూఈఎంయూ ఉంది. మామూలు ల్యాప్‌టాప్ మీదే ఎస్390ఎక్స్, స్పార్క్64 లాంటి పెద్దకొన యంత్రాల వేషం వేస్తుంది. నెమ్మదిగా నడుస్తుంది, తప్పును మాత్రం పట్టిస్తుంది. నిజమైన యంత్రమే కావాలంటే జీసీసీ కంపైల్ ఫామ్ ఉంది. ఓపెన్ సోర్స్ పనిచేసేవాళ్ళు ఎవరు అడిగినా, విద్యార్థి అయినా సరే, అక్కడి రకరకాల యంత్రాల మీద ఉచితంగా ఖాతా ఇస్తారు.

మీరు రోజూ వాడే ఒక ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము ఎంచుకోండి. దాని పరీక్షలను అలాంటి ఒక యంత్రం మీద నడపండి. ఫెయిలైతే నాలుగు సంగతులు రాసి పంపండి: ఏ ఆపరేటింగ్ సిస్టమ్, ఏ సీ లైబ్రరీ, ఏ కంపైలర్ ఏ వెర్షను, తెరమీద వచ్చిన దోషం యథాతథంగా. పాసైనా ఆ మాట రాయండి, రాసినవాళ్ళకు అదీ కావాలి.